ముప్పై లైన్లు, ఒక ముహూర్తం

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన ఒక జూన్ మొదటి వారంలో, శృంగవరపుకోట వైపు ఉన్న ఒక మండల కేంద్రానికి నన్ను టెలిఫోన్ ఎక్స్చేంజి ఇన్‌చార్జిగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. నా మీద కోపం ఉన్నవాళ్లు అక్కడ ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గర నా ఫోన్ నంబరు కూడా ఉంది.

నా హోదా జూనియర్ టెలికాం ఆఫీసరు. పేరులో జూనియర్ అని ఉన్నా అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. నా కింద ఒక టెక్నీషియను, ఇద్దరు లైన్‌మెన్. ఎక్స్చేంజి అంటే రెండు గదులు. ఒక గదిలో యంత్రం, దానికి ఏసీ. రెండో గదిలో బ్యాటరీలు, నా బల్ల, ఫ్యాను. ఊరి మొత్తానికి తొమ్మిది వందల ఫోన్లుండేవి. సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ టవరు సరిగా అందేది కాదు. సెల్‌ఫోన్ ఉన్నవాడు దాన్ని జేబులో పెట్టుకుని ల్యాండ్‌లైన్‌లో మాట్లాడేవాడు.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. ఊళ్లోవాళ్లు ఊళ్లోవాళ్లతో మాట్లాడుకుంటే ఆ పని ఎక్స్చేంజిలోనే అయిపోతుంది. ఊరు దాటి మాట్లాడాలంటే విజయనగరం వెళ్లే లైను ఒకటి ఖాళీగా ఉండాలి. వాటిని జంక్షన్లంటారు. మాకు బయటికి వెళ్లేవి ముప్పై. తొమ్మిది వందల ఫోన్లకు ముప్పై ఏమిటని అడగవచ్చు. అందరూ ఒకేసారి బయటికి మాట్లాడరనే నమ్మకం మీద టెలిఫోన్ శాఖ నడుస్తుంది. బస్సులూ అంతే, బ్యాంకులూ అంతే.

ఆ ముప్పైలో నాలుగింటిని విడిగా ఉంచేవాళ్లం. మిగతా లైన్లన్నీ నిండిపోయినా పోలీస్ స్టేషను, ఆసుపత్రి, ఫైర్ స్టేషను వంటి అత్యవసర ఫోన్లకు ఆ నాలుగూ దొరుకుతాయి. ఎవరి ఫోన్ ఆ జాబితాలో ఉండాలో యంత్రంలో ముందే రాసి ఉంటుంది. ఆ జాబితాను నేను చేరిన రోజున ఒకసారి చూసి సంతకం పెట్టాను. సరిగ్గా చదివి ఉంటే ఈ కథలో సగం ఉండేది కాదు.

మా లైన్‌మెన్లలో పెద్దవాడు పైడిరాజు. స్తంభం ఎక్కడంలో జిల్లాలో అతన్ని మించినవాడు లేడని అతని అభిప్రాయం. లైను బాగుచేశాక స్తంభం మీద నుంచే టెస్ట్ ఫోన్‌లో మాట్లాడి, అవతలి మాట స్పష్టంగా వస్తోందో లేదో చూడాలి. మామూలుగా ఎక్స్చేంజికి చేసి "హలో, ఒకటి రెండు మూడు" చెప్పించుకుంటారు. పైడిరాజు తన ఇంటికి చేసి కూతురు గౌరి చేత పాట పాడించుకునేవాడు.

"హలో అంటే ఏటి తెలుస్తాది బాబూ? మా గుంట పైకెత్తి పాడితే గరగర ఎక్కడున్నాదో ఇట్టే దొరికిపోద్ది," అని వాదించేవాడు.

ఇది నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. అయితే అతను బాగుచేసిన లైను మళ్లీ పాడవడం తక్కువ కాబట్టి నాకు ముందున్న ఇన్‌చార్జిలు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. చిన్నప్పటి నుంచి పన్నెండేళ్లపాటు ఆ పిల్ల అలా తండ్రి స్తంభం దిగేదాకా పాడింది. పంతొమ్మిదో ఏట ఒక టీవీ పాటల పోటీకి ఎంపికైంది. నేను అక్కడ చేరేటప్పటికి పోటీలో ఏడుగురు మిగిలారు. ఆరుగురికి తగ్గాక ఆ ఆరుగురికీ హైదరాబాదులో ఏడాదిపాటు సంగీత శిక్షణ ఇప్పిస్తారట. అంటే ఏడుగురిలో ఒక్కరికి అది దక్కదు. అప్పటిదాకా న్యాయనిర్ణేతలు మార్కులు వేశారు. ఇక మీదట ప్రేక్షకుల ఫోన్ ఓట్లు.

ఓటు వేసే పద్ధతి సులువు. ఒక ప్రత్యేక నంబరు ఉంటుంది, దాని చివరి అంకె పోటీదారుడిది. గౌరిది నాలుగు. ఫోన్ కలిస్తే ఒక రికార్డు మాట వచ్చి, కృతజ్ఞతలు చెప్పి, రెండు ప్రకటనలు వినిపించి పెట్టేస్తుంది. మొత్తం ఒక నిమిషం. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు కార్యక్రమం అయిపోతుంది. అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా వేయవచ్చు.

మొదటి ఓట్ల శనివారం నేను భోంచేసి డాబా మీద పడుకున్నాను. సోమవారం ఉదయం ఎక్స్చేంజి తలుపు తీసేటప్పటికి మెట్ల మీద ముప్పై మంది ఉన్నారు. ముందు నిలబడినవాడు సన్యాసినాయుడు. చెరువు కింద పొలాలకు నీటి వంతులు వేసే పెద్దమనిషి. ఊళ్లో ఎవరికి కోపం వచ్చినా ముందు ఆయనకు వస్తుంది.

"ఏటండి ఇంజినీరుగారూ, మా ఫోన్లు తెగ్గొట్టేసినారంట?" అన్నాడు.

నేను తెగ్గొట్టలేదన్నాను.

"మరైతే ఎవుడికీ తగల్నేదేటి? నాను అరవైసార్లు నొక్కినాను. అరవైసార్లూ ఆ ఆడమనిషి అన్ని లైన్లూ బిజీ అంతాది. మీకూ దానికీ ఏటైనా ఒప్పందమున్నాదా?"

వెనక నుంచి ఎవరో, "కొత్తగా వచ్చినాడు కదా, ఆ ఏడో నంబరోడి సుట్టమేమో సూడండి," అన్నారు. ఏడో నంబరు అంటే రాయలసీమ కుర్రాడు. అతను ఎవరో నాకు తెలియదు. ఆ మాట మా ఇంటి గుమ్మం దాకా వస్తుందని కూడా అప్పటికి నాకు తెలియదు.

పైడిరాజు అందరూ వెళ్లేదాకా ఆగి లోపలికి వచ్చాడు. అతను నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"బాబూ, అత్యవసరం అని నాలుగు లైన్లుంటాయి కదండి. శనివారం ఒక్క గంట ఊరందర్నీ ఆ జాబితాలో ఎక్కించండి బాబూ."

అందరినీ ఎక్కిస్తే అది జాబితా కాదు, డైరెక్టరీ అన్నాను. పైగా ఆ గంటలో ఎక్కడైనా ఇల్లు అంటుకుంటే ఫైర్ స్టేషనుకు లైను దొరకదు. అతను తల ఊపాడు. ముప్పై ఏళ్ల సర్వీసు, అతనికి తెలియనిది కాదు.

"ఈ వారం మనకి ఓట్లు పడనేదు. వచ్చే వారం కూడా పడకపోతే గుంట ఇంటికొచ్చేస్తాది. అంతే కదండీ," అన్నాడు. తర్వాత స్తంభం ఎక్కడానికి వెళ్లిపోయాడు.

నేను ట్రాఫిక్ రిపోర్టు తీశాను. ప్రతి పావుగంటకు ఎంతమంది బయటికి ప్రయత్నించారు, ఎంతమందికి లైను దొరికింది, ఎంతమంది వెనక్కి వచ్చారు అని యంత్రం అచ్చు వేసి ఇస్తుంది. ఎనిమిదిన్నర నుంచి పది నిమిషాలు ఊరు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత ఒక్కసారిగా గోడలా లేచింది. పావుగంటలో నాలుగు వేల ప్రయత్నాలు, దాటినవి మూడు వందల లోపు. తొమ్మిది దాటాక మళ్లీ ఎవరూ లేరు. ఆదివారం ఉదయమంతా ముప్పై లైన్లలో ఇరవై ఐదు ఖాళీ. ఓటుకు ఇంకా సమయం ఉంది గానీ వేసేవాడు లేడు.

ఇన్నేళ్ల సర్వీసులో అలాంటి గీత చూడలేదు. పండగ రోజున కూడా ట్రాఫిక్ కొండలా ఎక్కి దిగుతుంది, గోడలా ఉండదు. పైడిరాజును పిలిచి అడిగాను.

"ముహూర్తం కదండి," అన్నాడు, అంత చదువుకున్నవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు. "సూరిశాస్త్రిగారు పెట్టినారు. ఎనిమిది నలభై రెండు. తొమ్మిది దాటితే వర్జ్యం. ఊరంతా టముకు కూడా ఏయించినాం."

తొమ్మిది వందల ఇళ్లవాళ్లు గడియారం చూసుకుంటూ, రిసీవరు చేత్తో పట్టుకుని, సరిగ్గా ఎనిమిది నలభై రెండుకి ఒకేసారి నొక్కారు. మా శాఖ నిలబడ్డ నమ్మకం ఏమిటో ముందే చెప్పాను.

ఒక చందాదారుడికి ఏ వేళ లైను ఖాళీగా ఉంటుందో చెప్పడం నా విధుల్లో భాగమే. ఎవరికి ఓటు వేయాలో చెప్పడం కాదు. ఈ తేడా మనసులో స్పష్టం చేసుకున్నాక, ఆ సాయంత్రం సూరిశాస్త్రిగారి ఇంటికి వెళ్లాను. సన్యాసినాయుడు, పైడిరాజు కూడా వచ్చారు. ఒకే నిమిషంలో అందరూ నొక్కితే ఎవరికీ దొరకదని, పంచుకుని నొక్కితే అందరికీ దొరుకుతుందని చెప్పాను. ముహూర్తం దాటాక వేసిన ఓటు కలిసి రాదేమోనని పైడిరాజు భయం.

శాస్త్రిగారు విసనకర్ర ఆపి అడిగారు. "ఏరువాక నాడు ఏం చేస్తారయ్యా?"

"నాగలి కడతాం," అన్నాడు నాయుడు.

"చేనంతా ఆ ముహూర్తంలోనే దున్నేస్తారా?"

"ఒక్క సాలు దున్ని వదిలేస్తామండి. మిగతాది తరవాత."

"మరి? ముహూర్తం మొదలుపెట్టడానికి. ఎనిమిది నలభై రెండుకి పైడిరాజు ఒక్కడూ నొక్కుతాడు. అదే సాలు. మిగతావాళ్లు మీ ఇష్టం." నా వైపు తిరిగి, "ఇంత మాత్రానికి ఇంజినీరు కావాలా?" అన్నారు.

నాయుడికి అప్పుడు వెలిగింది. "అంటే సెరువు నీరే కదేటండీ! ముప్పై లైన్లంటే తూము. అందరూ ఒకేసారి మడవలు తీసేస్తే ఏ మడీ తడవదు. ఈ ముక్క పొద్దున్నే సెప్పుంటే మెట్ల మీద నిన్ను తిట్టేవోళ్లం కాదు బాబూ."

అరగంటలో ఆయన వంతులు వేసేశాడు. నేను మధ్యలో బజారు వీధి నుంచి మొదలుపెడదామన్నాను, ఫోన్లు ఎక్కువ అక్కడే గనుక. ఆయన ఒప్పుకోలేదు.

"సివరి మడికి ముందు. పైవోడికి ముందిస్తే సివరోడికి సేరదు. ఇది మా తాతల కాడి నుంచీ ఉన్నాది."

అలా ఊరి చివర పేటకు మొదటి వంతు వచ్చింది. అక్కడ ఇళ్లలో ఫోన్లు నాలుగే. మిగతావాళ్లు బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌లో వరుస కట్టాలి. తర్వాత ఒక్కో వీధికి పావుగంట. శనివారం పది దాకా, మళ్లీ ఆదివారం ఉదయం ఆరు నుంచి. ఉద్యోగుల క్వార్టర్స్ ఉన్న మా వీధికి శనివారం తొమ్మిదిన్నర.

ఆ శనివారం కార్యక్రమంలో వెనకటి వారం ఓట్లు చెప్పారు. గౌరి అట్టడుగున ఉంది. ఆ వారానికి ఎవరినీ పంపడం లేదు గానీ వచ్చే శనివారం తప్పదన్నారు. నేను ఎక్స్చేంజిలో కూర్చున్నాను. ఎనిమిది నలభై రెండుకి, నా బల్ల మీది ఫోన్ నుంచే, పైడిరాజు చెప్పులు విడిచి ఒక్క ఓటు వేశాడు. తగిలింది. వీధి చివర ఎవరో కొబ్బరికాయ కొట్టారు. తర్వాత పది దాకా ముప్పై లైన్లలో ఎప్పుడూ ఇరవై రెండో ఇరవై మూడో మాత్రమే పనిలో ఉన్నాయి. ఒక్క కాల్ వెనక్కి రాలేదు. మంచి ఎక్స్చేంజి ఎలా ఉండాలని మాకు శిక్షణలో చెప్పారో అలా ఉంది. నాకు గర్వంగా అనిపించిందని ఒప్పుకుంటాను.

మరుసటి శనివారం ఫలితం వచ్చింది. గౌరి నాలుగో స్థానం. ఆఖరున ఏడో నంబరు కుర్రాడు. ఊళ్లో టపాసులు పేలాయి. నాయుడు మా ఇంటికి వచ్చి గుమ్మంలోంచే, "సూసినావా బాబూ, మన తూము!" అని కేకేసి వెళ్లాడు.

నా భార్య విజయ టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్లింది. ఆమె ఆ కార్యక్రమం ఒక్క వారం కూడా వదల్లేదు. చిన్నప్పుడు విజయనగరంలో ఎనిమిదేళ్లు వయొలిన్ నేర్చుకుంది. వాయించడం మానేసినా వినడం మానలేదు. ఆ రాత్రి పప్పులో ఉప్పు వేయలేదు. నేనే కలుపుకున్నాను.

సోమవారం విజయనగరం నుంచి మా డివిజనల్ ఇంజనీరుగారి ఉత్తరం వచ్చింది. మొదటి ఓట్ల శనివారం మా అత్యవసర లైన్లు నాలుగూ పావుగంటపాటు పూర్తిగా నిండి ఉన్నాయని, ఆ సమయంలో ఏ ప్రమాదమూ నమోదు కాలేదని, కారణం రాసి పంపమని. నేను వివరాల కాగితం తీశాను. ప్రత్యేక నంబర్లకు చేసిన ప్రతి కాల్‌కూ అందులో ఒక వరుస ఉంటుంది. ఏ ఫోన్ నుంచి, ఏ నంబరుకు, ఎప్పుడు.

ఊరంతా నొక్కి నొక్కి అలసిపోయిన ఆ పావుగంటలో ప్రజాభిప్రాయం నిరాటంకంగా వెళ్లింది ఎక్కడి నుంచంటే, పోలీస్ స్టేషను, ఫైర్ స్టేషను, ఆసుపత్రి నర్సుల గది. ఎవరు ఎవరికి వేశారో కూడా ఆ కాగితంలో ఉంది. చందాదారుల కాల్స్ వివరాలు బయట పెట్టడం నేరం కాబట్టి పోలీసులు ఎవరికి వేశారో ఇప్పటికీ చెప్పను.

జాబితాలో నాలుగో ఫోన్ మా ఇంటిది. యంత్రం ఆగిపోతే పైవాళ్లకు చెప్పాలి కాబట్టి ఇన్‌చార్జి ఇంటి ఫోన్‌ను కూడా అత్యవసరంలో పెడతారు. నేను చదవకుండా సంతకం పెట్టింది దీనికే. మా నంబరు పక్కన ఆ పావుగంటలో పద్నాలుగు కాల్స్ ఉన్నాయి. పద్నాలుగింటికీ చివరి అంకె ఏడు. రెండో శనివారం, సరిగ్గా తొమ్మిదిన్నరకు, మా వీధి వంతులో, ఎంతో క్రమశిక్షణతో మరో తొమ్మిది. అవీ ఏడే.

విజయ సంగతి రాస్తున్నానంటే, ఆ తర్వాత ఆమే ఊరంతా చెప్పింది గనుక.

ఇంటికి వెళ్లి అడిగాను. ఆమె బియ్యం ఏరుతోంది.

"నువ్వు ఏడో నంబరుకు వేశావా?"

"వేశాను."

"ఊరంతా గౌరికి వేస్తుంటే?"

"ఊరు గౌరిని చూసి వేసింది. నేను పాట విని వేశాను. ఆ అబ్బాయి చరణంలోకి ఎలా దిగాడో విన్నారా? గౌరి అక్కడే శ్రుతి జారింది, రెండు వారాలూ."

మన ఫోన్ అత్యవసరం జాబితాలో ఉందని, ఊళ్లో ఎవరికీ తగలనప్పుడు మనకు తగలడం అందుకేనని చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"ఆ సంగతి మీరెప్పుడు చెప్పారు? తగిలింది, వేశాను. ఒక్కటే వెయ్యాలని టీవీలో కూడా చెప్పలేదు." చేట మళ్లీ అందుకుని, "అయినా ఇప్పుడేమైంది? మీ తూము బాగా పనిచేసింది. బాగా పాడినవాడు ఇంటికి పోయాడు," అంది.

ఊరు మొత్తంలో పాటకు ఓటు వేసింది ఆమె ఒక్కతే కావచ్చు. ఎవరికీ లేని వసతితో వేసినవాళ్లలో ఆమె కూడా ఒకరు. అదీ పద్నాలుగుసార్లు.

డివిజనల్ ఇంజనీరుగారికి జరిగింది జరిగినట్టు రాశాను. అత్యవసర ఫోన్లలో ఓటు నంబర్లకు కాల్స్ వెళ్లకుండా ఆపు చేశానని, అలా దుర్వినియోగమైన వాటిలో ఇన్‌చార్జి ఇంటి ఫోన్ ఒకటని, ఆ కాల్స్ ఏడో నంబరుకని, బాధ్యత నాదేనని. ఆయన ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఇక మీదట జాబితాలు చదివి సంతకం పెట్టవలసిందని. ఉత్తరం కింద పెన్నుతో, మా ఇంట్లో కూడా ఏడుకే, అని రాశారు. దాన్ని ఫైల్లో పెట్టాలా వద్దా అని ఒక పూట ఆలోచించి, పెట్టాను.

వారం తిరక్కుండా గౌరి రెండు రోజుల సెలవు మీద ఊరికి వచ్చింది. ఊరేగింపు అయ్యాక తండ్రితో మా ఇంటికి వచ్చింది. అప్పటికే సంగతి అందరికీ తెలుసు. పైడిరాజు గుమ్మం బయటే ఉండిపోయాడు. ఆ పిల్ల లోపలికి వచ్చి, "ఏటమ్మా, నాకెయ్యనేదంట?" అని అడిగింది.

"నీకెందుకు వెయ్యాలి?" అంది విజయ.

గౌరి నవ్వలేదు, ఏడవలేదు. "ఎక్కడ జారిపోనానో సెప్పండి మరి. అక్కడందరూ బాగున్నాది బాగున్నాదనే అంతన్నారు."

విజయ ఆమెను కూర్చోబెట్టి ఆ చరణం పాడించింది. నాలుగోసారికి చెయ్యెత్తి ఆపి, ఇక్కడ, అంది. గుమ్మం బయట నుంచి పైడిరాజు, "అదేనండి, అక్కడే గరగర! నాకు స్తంభం మీద కూడా అక్కడే వినిపించేది," అన్నాడు. మరి పన్నెండేళ్లు ఎందుకు చెప్పలేదు నాయనా అని కూతురు అడిగితే, లైనులో తేడా అనుకున్నానన్నాడు.

మరో మూడు వారాలకు ఓట్లు తగ్గి గౌరి పోటీ నుంచి వచ్చేసింది. మిగిలిన ఊళ్లు కూడా వంతులు నేర్చుకున్నాయేమో తెలియదు. శిక్షణ మాత్రం దక్కింది. ఇప్పుడు బొబ్బిలిలో పిల్లలకు పాట నేర్పుతోంది. ఏడో నంబరు కుర్రాడు ఏమయ్యాడో కనుక్కోవాలని విజయ చాలాసార్లు అంది. అతని పేరు తప్ప మాకు ఇంకేమీ తెలియదు. ఆమె పోయి రెండేళ్లయింది. ఇది ఆమె ఉండగా రాసి ఉంటే మూడు చోట్ల దిద్ది ఉండేది.

ఇప్పుడు ఓట్లు యాప్‌లలో వేస్తున్నారు. జంక్షన్లు, వంతులు అవసరం లేదు. ఆ ఓటింగు న్యాయమేనా అని నా పాత ఉద్యోగం తెలిసినవాళ్లు నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసింది ఇంతే. ప్రతివాడికీ లైను అందేలా చూడటం నా పని. ఒక వారం ఆ పని నా సర్వీసులో ఎన్నడూ లేనంత బాగా చేశాను. ఆ వారమే, బాగా పాడినవాడు ఇంటికి వెళ్లాడు. మొదటిది తప్పు కాదు. రెండోది ఒప్పు కాదు. అప్పటి నుంచి ఏ జాబితా అయినా చివరి వరుస దాకా చదివాకే సంతకం పెట్టాను.